మీ ఎయిర్ రైఫిల్‌కు ఏ పెల్లెట్ నప్పుతుందో తేల్చుకోవడం ఎలా

"ఏ పెల్లెట్ మంచిది?" అని వారానికి ఒకరైనా అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒకటే: ఏ రైఫిల్‌కు? ఒకే కంపెనీ, ఒకే మోడల్, వరుస నంబర్లు ఉన్న రెండు రైఫిళ్లకు కూడా ఒకే డబ్బా నప్పాలని లేదు. బ్యారెల్ లోపలి కొలతలో మన కంటికి కనిపించని తేడా చాలు, ఒకదానిలో చక్కగా గుచ్చినట్టు పడే పెల్లెట్లు రెండోదానిలో చెదిరిపోతాయి. అందుకే పక్కవాడి డబ్బా చూసి కొనకండి. పరీక్ష చేసి కొనండి.

ఈ పద్ధతి ముఖ్యంగా 10 మీటర్ల టార్గెట్ షూటింగ్‌లో వాడే 4.5 మి.మీ. రైఫిళ్ల కోసం, అంటే గాలి సిలిండర్‌తో పనిచేసేవాటి కోసం. స్ప్రింగ్ రైఫిల్ ఉన్నవాళ్లకు కొన్ని మార్పులు అవసరం. అవి చివర్లో విడిగా చెప్పాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఒక్కో షాట్‌కు మీ స్కోరు సగటు ఇంకా 9.5 దగ్గర తిరుగుతుంటే ఈ పరీక్షకు తొందర లేదు. ఎందుకో లెక్క చూడండి. మీ చేతి వల్ల వచ్చే చెదురు 10 మి.మీ. అనుకుందాం, పెల్లెట్ వల్ల వచ్చేది 3 మి.మీ. ఈ రెండూ నేరుగా కూడవు, వర్గాల లెక్కన కలుస్తాయి. మొత్తం 10.4 మి.మీ. అవుతుంది. అదే 2 మి.మీ. ఇచ్చే మేలైన పెల్లెట్ తెచ్చినా 10.2 దగ్గర ఆగుతుంది. ఆ తేడా మీ స్కోరులో కనిపించదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు పెల్లెట్ మీద నెపం వేసే ముందు మద్దెల నిజంగా ఓడిదో కాదో చూసుకోవాలి. ఈ పరీక్ష తేల్చేది అదే.

కావలసినవి

- నాలుగు నుంచి ఆరు రకాల పెల్లెట్లు, ఒక్కో రకం కనీసం 150 (3వ, 9వ మెట్లకు కూడా సరిపోవాలి). అన్నీ చదును ముక్కు ఉన్న మ్యాచ్ పెల్లెట్లే కావాలి. అవి కాగితాన్ని శుభ్రంగా గుండ్రంగా కోస్తాయి, కొలవడం తేలిక. మొన ఉన్నవి, గుండ్రటి తల ఉన్నవి కాగితాన్ని చింపేస్తాయి.
- రైఫిల్‌ను కదలకుండా పట్టే టెస్ట్ క్లాంప్. చాలా రేంజుల్లో ఒకటి ఉంటుంది, కోచ్‌ను అడగండి. లేకపోతే బరువైన బెంచ్, ముందొకటి వెనకొకటి ఇసుక సంచులు.
- కొత్త టార్గెట్ కార్డులు, వెనక గట్టి అట్ట, పెల్లెట్లను పట్టే ట్రాప్.
- డిజిటల్ క్యాలిపర్, భూతద్దం.
- మూతలున్న చిన్న డబ్బాలు, మార్కర్ పెన్.
- బ్యారెల్ తుడిచే ఫెల్ట్ బిళ్లలు.
- కంటి అద్దాలు.
- సహాయానికి ఒక మనిషి. ఇది తప్పనిసరి. ఎందుకో 3వ మెట్టులో చెబుతాను.

పెల్లెట్ వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే మంచిదే. లేదని పరీక్ష ఆపనక్కర్లేదు.

డబ్బా మీద ఏం చూడాలి

మూడు సంగతులు చూడండి. మొదటిది తల కొలత: 4.48 నుంచి 4.52 మి.మీ. వరకు, 0.01 మి.మీ. తేడాతో అమ్ముతారు. రెండోది బరువు: రైఫిల్‌కు సాధారణంగా 0.53 గ్రాముల దగ్గరివి, పిస్టల్‌కు అంతకంటే తేలికవి. మూడోదాన్ని అందరూ వదిలేస్తారు, అది బ్యాచ్ నంబర్. ఒకే పేరు, ఒకే తల కొలత ఉన్నా బ్యాచ్ మారితే ఫలితం మారవచ్చు. అచ్చులు అరుగుతాయి, మారుస్తారు, సీసం మిశ్రమంలో కొద్దిపాటి తేడాలు వస్తాయి. నా అనుభవంలో తల కొలత కంటే బ్యాచ్‌దే పెద్ద ప్రభావం. కాబట్టి మీరు పరీక్షించేది బ్రాండ్‌ను కాదు, బ్యాచ్‌ను. నోట్‌బుక్‌లో మొదట రాయాల్సింది కూడా ఆ నంబరే.

జాగ్రత్తలు

ట్రాప్ వెనకా పక్కనా ఎవరూ ఉండకూడదు. క్లాంప్‌లో బిగించి ఉంది కదా అని ఎవరైనా ముందుకు వెళ్లి కార్డు మారుస్తుంటే పెల్లెట్ పెట్టకండి. బోల్టు తెరిచి ఉంచి, చేతులు రైఫిల్ మీద నుంచి తీసేయండి. పెల్లెట్లు సీసం, కాబట్టి నోట్లో పెట్టుకోకండి. పరీక్ష జరుగుతున్నంతసేపు ఏమీ తినకండి, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. సిలిండర్ మీద రాసిన గడువు తేదీ దాటి ఉంటే దాన్ని నింపకండి.

1. ముందు రైఫిల్‌ను సరిచూసుకోండి

సగం కేసుల్లో తప్పు పెల్లెట్‌ది కాదు, ఒక వదులు స్క్రూది. రైఫిల్‌ను కట్టెకు, అంటే భుజానికి ఆనించే భాగానికి, బిగించే స్క్రూలు, గురి చూసే వెనక సైట్, ముందు సైట్ అన్నీ చూడండి. ఎంత గట్టిగా బిగించాలో మాన్యువల్‌లో ఉంటుంది, అంతే బిగించండి. అతిగా బిగించినా గ్రూపు, అంటే ఒకే గురితో కాల్చిన షాట్ల గుంపు, చెడుతుంది. సిలిండర్ బ్యారెల్‌కు తగులుతోందేమో చూడండి. రెండింటి మధ్య ఒక కాగితం ముక్క జారాలి.

తర్వాత ఫెల్ట్ బిళ్లలతో బ్యారెల్ తుడవండి. ఇనప బ్రష్ మాత్రం వద్దు. తుడిచిన వెంటనే పడే షాట్లను నమ్మకండి. బ్యారెల్ లోపల పల్చటి సీసపు పొర మళ్లీ కుదురుకోవాలి, దానికి 15 నుంచి 20 షాట్లు పడుతుంది. వాటిని కార్డు లేకుండా నేరుగా ట్రాప్‌లోకి కాల్చేయండి.

2. క్లాంప్‌లో బిగించండి

క్లాంప్ పట్టాల్సింది రైఫిల్ యాక్షన్‌ను, అంటే బోల్టు ఉండే గట్టి లోహపు భాగాన్ని. బ్యారెల్‌ను పట్టిస్తే అది వంగుతుంది. గాలి సిలిండర్‌ను ఎప్పుడూ క్లాంప్ దవడల మధ్య బిగించకండి. లోపల 200 బార్ దాకా ఒత్తిడి ఉంటుంది.

క్లాంప్ కుదిరిందో లేదో ఇలా తెలుసుకోండి. ఒకే రకం పెల్లెట్లతో ఒక కార్డు మీద 5 షాట్లు కాల్చండి. పది నిమిషాలు ఆగి, ఏమీ కదపకుండా అదే కార్డు మీద ఇంకో 5 కాల్చండి. రెండూ ఒకే చోట పడాలి. రెండో గ్రూపు పక్కకు జరిగితే క్లాంపో టేబులో కదులుతోంది. అది సరిచేసే వరకు ముందుకు వెళ్లకండి.

ఇసుక సంచులతో చేసేవాళ్లకు ఇంత కచ్చితత్వం రాదు. అయినా బాగా చెడ్డ పెల్లెట్లను ఏరిపారేయడానికి అది సరిపోతుంది. మంచివాటిలో ఏది మేలో మాత్రం దాంతో తేల్చలేరు.

3. పేర్లు దాచేయండి

ఈ మెట్టును దాటేస్తే మిగతా శ్రమంతా వృథా. మీ సహాయకుడిని పెల్లెట్లను చిన్న డబ్బాల్లో పోసి, వాటి మీద ఎ, బి, సి, డి అని మాత్రమే రాయమనండి. ఏ అక్షరం ఏ బ్యాచ్‌దో రాసిన చీటీ ఆయన దగ్గరే ఉండాలి. ఇంకో పని కూడా చెప్పండి: ఏదో ఒక బ్యాచ్‌ను రెండు డబ్బాల్లో, రెండు వేర్వేరు అక్షరాలతో పెట్టమనండి. అది ఏదో మీకు తెలియకూడదు.

ఈ జంట డబ్బాల ఉపయోగం నేను కష్టపడి నేర్చుకున్నాను. ఒకసారి ఏడు రకాలు పరీక్షించి, ఒక్కోదానికి ఒకే ఒక 5 షాట్ల గ్రూపు తీసి, గర్వంగా పట్టిక వేశాను. మొదటి స్థానం డికి, చివరి స్థానం ఎఫ్‌కి వచ్చాయి. చీటీ తెరిచి చూస్తే రెండూ ఒకే డబ్బాలోవి! ఆ రోజు దాకా నేను "తేల్చిన" పెల్లెట్లన్నీ కాకతాళీయమే అయి ఉండాలి.

జంట డబ్బాల మధ్య వచ్చే తేడాయే మీ పరీక్షలో ఉన్న రొద, అంటే పెల్లెట్‌తో సంబంధం లేకుండా కాకతాళీయంగా వచ్చే తేడా. మిగతా రకాల మధ్య తేడా దాన్ని మించకపోతే మీరు ఇంకా ఏమీ కనుక్కోలేదని అర్థం.

4. పెల్లెట్లను కంటితో చూసుకోండి

వెనక స్కర్ట్ (విచ్చుకుని ఉండే పల్చటి అంచు) నొక్కుకుపోయినవి, తల మీద గీతలున్నవి పక్కన పెట్టండి. ఒక్కోదాన్ని తూకం వేసి ఏరడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మంచి మ్యాచ్ డబ్బాలో ఆ శ్రమకు తగ్గ ఫలం కనిపించలేదు. పెల్లెట్‌ను బ్యారెల్‌లోకి నెట్టేటప్పుడు వంకరగా పోకుండా చూసుకోండి. చాలామంది అక్కడే స్కర్ట్‌ను నలిపి, తర్వాత కంపెనీని తిడతారు.

5. కాల్చే వరుస

రకం మారిన ప్రతిసారీ ముందు 5 షాట్లు ట్రాప్‌లోకి కాల్చండి. తర్వాత కొత్త కార్డు మీద 10 షాట్ల గ్రూపు ఒకటి తీయండి. ఒక్కో రకానికి మొత్తం మూడు గ్రూపులు కావాలి. కానీ మూడూ వరుసగా తీయకండి. మొదటి చుట్టు ఎ, బి, సి, డి అయితే రెండో చుట్టు డి, సి, బి, ఎ. మూడో చుట్టుకు చీటీలు తీసి వరుస నిర్ణయించండి. గది వేడెక్కడం, గాలి తగ్గడం, మీరు అలసిపోవడం లాంటివన్నీ ఒకే రకం నెత్తిన పడకుండా ఇలా పంచుతాం.

5 చాలదా అని అడుగుతారు. ఒకే రైఫిల్, ఒకే డబ్బాతో తీసిన 5 షాట్ల గ్రూపులే ఒకదానికొకటి ఒకటిన్నర రెట్లు తేడాగా రావడం మామూలు. పైగా షాట్లు పెరిగే కొద్దీ గ్రూపు పెద్దదవుతుంది. 10 షాట్ల గ్రూపు 5 షాట్లదాని కంటే సగటున పావు వంతు పెద్దది, 3 షాట్లదాని కంటే ఒకటిన్నర రెట్లకు మించి పెద్దది. కాబట్టి ఒకరి 3 షాట్ల గ్రూపును మీ 10 షాట్లదానితో పోల్చి బాధపడకండి.

గ్రూపు కార్డు మధ్యలో పడకపోయినా సైట్ ముట్టుకోకండి. పెల్లెట్ మారితే పడే చోటు జరుగుతుంది, అది సహజం. ఇప్పుడు చూసేది ఎంత దగ్గరగా పడ్డాయన్నదే.

ఒక షాట్ బయటికి పోతే "అది లెక్కలోకి రాదు" అనబుద్ధి వేస్తుంది. వద్దు. పెల్లెట్ పెట్టేటప్పుడు నలిగిందనో, క్లాంప్‌కు చెయ్యి తగిలిందనో ట్రిగ్గర్ నొక్కే ముందే తెలిస్తే ఆ షాట్‌ను ట్రాప్‌లోకి కాల్చి వదిలేయండి. కార్డు మీద రంధ్రం చూశాక సాకు వెతికితే ఆ షాట్ లెక్కలో ఉన్నట్టే.

6. కొలవడం

గ్రూపు బయటి అంచు నుంచి ఎదుటి బయటి అంచు దాకా, అన్నిటికంటే దూరంగా ఉన్నచోట కొలవండి. దానిలోంచి ఒక్క పెల్లెట్ రంధ్రం వెడల్పు తీసేయండి. ఆ వెడల్పును 4.5 అనుకోకండి. కాగితం కొద్దిగా సాగి మళ్లీ దగ్గరికి వస్తుంది కాబట్టి రంధ్రం చిన్నదిగా కనిపించవచ్చు. అదే కార్డు మూల మీద ఒక్క షాట్ కాల్చి, దాన్ని కొలిచి, ఆ అంకెనే తీసేయండి. మిగిలింది కేంద్రం నుంచి కేంద్రానికి దూరం.

ఒకే గ్రూపును మూడుసార్లు కొలవండి. మీ మూడు కొలతల మధ్యే 0.2 మి.మీ. తేడా వస్తుంటే 0.1 మి.మీ. తేడాతో ఎవరినీ గెలిపించకండి.

ఈ అంకెలకు స్కోరులో అర్థం ఏమిటంటే, 10 మీటర్ల టార్గెట్‌పై 10 రింగ్ చుక్క వ్యాసం 0.5 మి.మీ. పెల్లెట్ కేంద్రం టార్గెట్ కేంద్రానికి 0.25 మి.మీ. లోపు పడితే 10.9. అక్కడి నుంచి ప్రతి 0.25 మి.మీ.కి 0.1 తగ్గుతుంది. 1.5 మి.మీ. గ్రూపు సరిగ్గా మధ్యలో ఉంటే అందులో అన్నిటికంటే దూరపు షాట్ కూడా 10.7 దగ్గర ఉంటుంది. 2.5 మి.మీ. అయితే 10.5. 60 షాట్ల మ్యాచ్‌లో గరిష్ఠం 654.0 కదా, పైస్థాయిలో పోటీపడేవాళ్లకు ఈ చిల్లర చాలా విలువైనది.

7. గ్రూపు ఆకారం చూడండి

గుండ్రంగా చెదిరితే తప్పు పెల్లెట్‌ది కావచ్చు. నిలువుగా సాగితే ముందు గాలి ఒత్తిడిని, దాన్ని ప్రతి షాట్‌కు ఒకేలా ఉంచే రెగ్యులేటర్‌ను అనుమానించండి. 10 మీటర్లలో పెల్లెట్ దాదాపు 17 మి.మీ. కిందికి దిగుతుంది. 170 మీటర్ల వేగం దగ్గర సెకనుకు 1 మీటరు తేడా వస్తే పడే చోటు దాదాపు 0.2 మి.మీ. మారుతుంది. అంటే 3 మీటర్ల తేడాకు 0.6 మి.మీ. క్రోనోగ్రాఫ్ పనికొచ్చేది ఇక్కడే. వేగం నిలకడగా ఉండి కూడా నిలువు చెదురు వస్తే క్లాంప్‌ను చూడండి. అడ్డంగా సాగితే చాలావరకు క్లాంపో టేబులో కదులుతున్నట్టే.

రెండు చిన్న గుంపులుగా విడిపోతే సైట్లను, స్క్రూలను మళ్లీ చూడండి. ఏదో ఒకటి రెండు స్థానాల మధ్య ఊగుతోంది. అన్ని రకాలూ ఒకేలా చెడ్డగా వస్తే పెల్లెట్లు కొనడం ఆపి రైఫిల్‌ను మెకానిక్‌కు చూపించండి.

8. తేల్చడం

ఒక్కో రకానికి మూడు గ్రూపుల సగటు తీయండి. "నా బెస్ట్ గ్రూప్" అని ఒక్కటి ఏరుకోకండి. మ్యాచ్‌లో పెల్లెట్లన్నీ కాల్చాలి, మంచివే ఏరుకుని కాల్చలేం.

ఎ 2.1, బి 2.3, సి 3.4, డి 2.2 వచ్చాయనుకోండి. సి పోయినట్టే. ఎ, బి, డి మధ్య తేడా ఐదో వంతు కూడా లేదు కాబట్టి మూడూ సమానమే. జంట డబ్బాలు బి, డి అయితే వాటి మధ్య 0.1 తేడా వచ్చిందన్నమాట. ఎ ముందున్నది కూడా అంతంత మాత్రమే. ఇలాంటప్పుడు సులువుగా, ఎక్కువ సంఖ్యలో దొరికే బ్యాచ్‌ను తీసుకోండి. టెన్షన్ పడాల్సిన పని లేదు.

9. గెలిచినదాన్ని మళ్లీ పరీక్షించండి

మొదటి రెండు రకాలను ఇంకో రోజు, మళ్లీ పేర్లు దాచి, కొత్తగా మూడేసి గ్రూపులు కాల్చండి. పాత అంకెలను వీటితో కలపకండి. చాలామందిలోంచి ఏరిన విజేతకు కొంత అదృష్టం కలిసి ఉంటుంది. రెండో రోజు దాని గ్రూపు కాస్త పెద్దదవడం మామూలే. అప్పుడూ ముందుంటే నమ్మవచ్చు. వరుస తలకిందులైతే రెండూ ఒకటే అని రాసుకుని వదిలేయండి.

ఆ తర్వాత క్లాంప్ తీసి, మీ పొజిషన్‌లో కాల్చి సైట్లు సరిచేసుకోండి. క్లాంప్‌లో పడిన చోటే మీ భుజం మీద నుంచి కూడా పడుతుందని అనుకోకండి.

స్ప్రింగ్ రైఫిల్ అయితే

క్లాంప్ వద్దు. పిస్టన్ కదలికకు రైఫిల్ ముందుకీ వెనక్కీ ఎగురుతుంది. దాన్ని బిగించేస్తే గ్రూపు పాడవుతుంది, స్క్రూలు కూడా వదులవుతాయి. ముందు భాగాన్ని తెరిచిన అరచేతిలో, ఆ చేతిని ఇసుక సంచి మీద పెట్టి, వేళ్లు బిగించకుండా కాల్చండి. ప్రతి షాట్‌కు చెయ్యి ఒకేచోట ఉండాలి. అరచేతి స్థానం కొంచెం జరిగినా పడే చోటు మారుతుంది, కాబట్టి కట్టె మీద టేప్ ముక్కతో గుర్తు పెట్టుకోండి. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కకండి. గాలి అడ్డు లేక పిస్టన్ వెళ్లి గట్టిగా కొట్టుకుంటుంది, సీలు దెబ్బతింటుంది. ఫెల్ట్ బిళ్లలు కాల్చి బ్యారెల్ తుడిచేటప్పుడు కూడా వాటిని ఒక్కొక్కటిగా కాక రెండు మూడు కలిపి పెట్టండి.

వీటిలో మీ చేతి చెదురు ఎప్పుడూ కలుస్తుంది కాబట్టి మూడు గ్రూపులు చాలవు, ఐదు తీయండి.

10. కొనడం, దాచడం

తేలిన బ్యాచ్ నంబర్‌తో ఒక సీజన్‌కు సరిపడా ఒకేసారి కొనండి. అమ్మేవారికి పేరు, తల కొలత మాత్రమే చెబితే వేరే బ్యాచ్ అంటగడతారు. నంబర్ చెప్పి, వచ్చాక ప్రతి డబ్బా తిప్పి చూడండి. తడి తగలని చోట, కుదుపులు లేకుండా ఉంచండి. డబ్బా ఒక్కసారి కింద పడిందంటే అందులోని పెల్లెట్లను ప్రాక్టీసుకు వాడుకోండి.

ఆ నిల్వలో చివరి డబ్బా తెరిచిన రోజే కొత్త బ్యాచ్‌లు రెండు మూడు తెప్పించుకోండి. పాత పెల్లెట్లు 50 మిగిల్చి, వాటిని కూడా పేరు దాచి కొత్తవాటితో కలిపి 5వ మెట్టు నుంచి మళ్లీ కాల్చండి.